రేటు పెంచేదెవరు? బిల్లు మోసేదెవరు?

కరెంటు బిల్లు మీద పేరు సాధారణంగా మామగారిదో, భర్తదో, ఇల్లు అద్దెకిచ్చిన పెద్దమనిషిదో ఉంటుంది. కానీ మీటరు చూసే అబ్బాయి ఆ కాగితం చింపి ఇచ్చేది మాత్రం మన చేతికే. ఆ క్షణం నుంచే ఇల్లాలి లెక్కలు మొదలవుతాయి. పాలవాడికి ఆపలేం. పిల్లల ఫీజు ఆపలేం. ఇంటద్దె అసలే ఆపలేం. ఇక ఆపగలిగేవి ఏమిటి? మన కళ్ళజోడు మార్పించుకోవడం, పండక్కి అనుకున్న చీర, నెలకింతని వేసుకునే చీటీ. బిల్లులో పెరిగిన ప్రతి రూపాయీ ఇంకెక్కడో తగ్గాలి కదా! ఆ తగ్గే చోటు ఎక్కువసార్లు మన వాటాలోనే ఉంటుంది.

మరి ఈ రేటు పెంచిందెవరు? తెలిసిన పదిమందిని అడిగి చూశాను. కొందరు ముఖ్యమంత్రి అన్నారు. కొందరు కరెంటాఫీసు అన్నారు. ఒకావిడ కేంద్ర ప్రభుత్వం అంది. ఎక్కువమంది అన్నది మాత్రం "ఏమో!" కూరగాయల బండి దగ్గర అర్ధరూపాయికి బేరమాడే మనం, నెలనెలా వందలు, వేలు కట్టే కరెంటు రేటు ఎక్కడ ఖాయమవుతుందో తెలుసుకోకుండానే కట్టేస్తున్నాం. ఇది మన తెలివితక్కువతనం కాదు. మనకెవరూ చెప్పలేదు, అంతే.

ఎవరీ కమిషన్?

రేటును ఖాయం చేసేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. ఇంగ్లీషు పేరు పొడి అక్షరాల్లో ఈఆర్‌సీ. ఒకప్పుడు విద్యుత్ బోర్డు, ప్రభుత్వం కలిసి రేట్లు నిర్ణయించేవి. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. 1999లో బోర్డు రద్దయి జెన్‌కో, ట్రాన్స్‌కోలు వచ్చాయి. అదే ఏడాది కమిషన్ ఏర్పడింది. ఆ మర్నాటి ఏడే, అంటే 2000 మే నెలాఖరులో, కమిషన్ మొదటి రేట్ల ఉత్తర్వు ఇచ్చింది. ఆ తరవాత జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఊరూరా ఆందోళనలు రేగాయి. ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో వీధుల్లోకొచ్చారు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు బలయ్యారు. కరెంటు రేటు అంటే కాగితం మీద అంకె మాత్రమే కాదని ఆ రోజు తెలుగు నేల మొత్తానికీ తెలిసింది.

తరవాత దేశమంతటికీ 2003 విద్యుత్ చట్టం వచ్చింది. దాని ప్రకారం పద్ధతి ఇలా ఉంటుంది. కరెంటు పంచే కంపెనీలు, అంటే డిస్కంలు, వచ్చే ఏడాదికి తమకెంత ఖర్చవుతుందో, ఎంత రాబడి కావాలో లెక్క రాసి, నవంబరు నెలాఖరుకల్లా కమిషన్ ముందు పెట్టాలి. ఆ లెక్క సారాంశాన్ని పేపర్లలో ప్రకటించాలి. జనం అభ్యంతరాలు తీసుకోవాలి. బహిరంగ విచారణ జరపాలి. అన్నీ పరిశీలించి 120 రోజుల్లో కమిషన్ ఉత్తర్వు ఇవ్వాలి. కొత్త రేట్లు ఏప్రిల్ ఒకటి నుంచి అమలవుతాయి.

అంటే కోడలు తెచ్చిన సంతచిట్టీని అత్తగారు ఒక్కొక్క పద్దూ అడిగి సరిచూసినట్టు, డిస్కం రాసిన పద్దుల్ని కమిషన్ సరిచూడాలి. "ఇది అవసరమా? ఇంత ధరకెందుకు కొన్నారు? నష్టం ఎందుకొచ్చింది?" అని అడగాలి. ఒప్పుకున్న పద్దే మన నెత్తికెక్కాలి. చట్టం ఉద్దేశం ఇదే.

మరి ప్రభుత్వం?

"రేట్లు మేం పెంచలేదు, కమిషన్ పెంచింది" అని మంత్రులు అంటారు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే మాట. అది సగం నిజం. ఎవరికైనా తక్కువ రేటుకి ఇవ్వాలనుకుంటే ఆ తేడా సొమ్మును ప్రభుత్వం డిస్కంలకు ముందే చెల్లించాలని 2003 చట్టం 65వ సెక్షను చెబుతోంది. అంటే రేటు ఎంతన్నది కమిషన్ తేలుస్తుంది. అందులో మన వాటా ఎంత, ఖజానా వాటా ఎంత అన్నది ప్రభుత్వం తేలుస్తుంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్ళకు 200 యూనిట్ల లోపు సున్నా బిల్లులు రావడం మొదలైంది. అది కమిషన్ దయ కాదు, ఖజానా కట్టే డబ్బు. ఖజానా అంటే మళ్ళీ మనమే అనుకోండి!

పెంచినప్పుడు కమిషన్ పేరు, తగ్గించినప్పుడు ప్రభుత్వం పేరు చెప్పుకోవడం నాయకులకు బాగానే ఉంటుంది. ఎవరిని ఏమడగాలో తెలియని మనకే ఇబ్బంది.

ఒక ఏడాది లెక్క

ఉదాహరణకి ఆంధ్రప్రదేశ్‌లో 2022 మార్చి 30న వచ్చిన ఉత్తర్వు చూద్దాం. ఇళ్ళకు యూనిట్టుకి 45 పైసలు మొదలుకొని 1.57 రూపాయల దాకా పెరిగింది. పాత గ్రూపులు తీసేసి అందరికీ ఒకే మెట్ల పద్ధతి పెట్టారు. మొదటి 30 యూనిట్లకు రూ.1.90. 31 నుంచి 75 దాకా 3 రూపాయలు. 125 దాకా రూ.4.50. 225 దాకా 6 రూపాయలు. 400 దాకా రూ.8.75. ఆపైన రూ.9.75.

మెట్లంటే ఏమిటో వంటింటి లెక్కలో చూడండి. 125 యూనిట్లు వాడితే కరెంటు ఖరీదు 417 రూపాయలు. 225 వాడితే 1,017 రూపాయలు. వాడకం రెట్టింపు కూడా కాలేదు, ఖర్చు మాత్రం దాదాపు రెండున్నర రెట్లయింది! 225 దాటాక ఇంకో 25 యూనిట్లు కాల్చారా, ఆ కాస్తకే 218 రూపాయల పైన. వీటిమీద స్థిర ఛార్జీ, సుంకం వేరే. వేసవిలో ముసలివాళ్ళున్న ఇల్లు, నెలల పిల్ల ఉన్న ఇల్లు పై మెట్టు ఎక్కక తప్పదు. మెట్ల పద్ధతి మంచిదే. తక్కువ వాడే పేదింటికి అది రక్షణ. కానీ ఒక కప్పు కింద ఆరుగురుండే ఉమ్మడి కుటుంబాన్నీ, ఇద్దరే ఉండి ఏసీ వేసుకునే ఇంటినీ మీటరు ఒకేలా చూస్తుంది. మీటరుకి మనుషులు కనబడరు, యూనిట్లే కనబడతాయి.

దొడ్డిదారి రేట్లు

ఏప్రిల్‌లో రేటు పెరిగితే పేపర్లో పెద్దక్షరాలతో వస్తుంది. అసలు చిక్కు, పెద్దక్షరాలు లేకుండా వచ్చేవాటితో. బిల్లులో కింద చిన్న అక్షరాలతో ట్రూఅప్ అనీ, ఇంధన సర్దుబాటు అనీ ఉంటాయి చూడండి, అవి. ఏడాది మొదట్లో వేసిన అంచనా కన్నా బొగ్గుకో, కొన్న కరెంటుకో ఎక్కువ ఖర్చయితే, ఆ తేడా తరవాత వసూలు చేసుకోవడమే ఈ సర్దుబాటు.

2021లో ఆంధ్రప్రదేశ్ కమిషన్ 2014-19 మధ్య ఐదేళ్ళ తేడా అంటూ 3,669 కోట్ల ట్రూఅప్‌కి అనుమతిచ్చింది. సెప్టెంబరు బిల్లుల్లో వసూళ్ళు మొదలయ్యాయి. జనం గగ్గోలు పెట్టారు, విషయం హైకోర్టుకెళ్ళింది. పేపర్లలో ప్రకటన ఇచ్చి జనం మాట వినాల్సిన పద్ధతి సరిగ్గా జరగలేదని తేలి, కమిషన్ తన ఉత్తర్వును తానే వెనక్కి తీసుకుంది. మళ్ళీ విచారణ జరిపి 2022లో సుమారు 2,910 కోట్లకు అనుమతిచ్చింది. చూశారా! ఒక్క ప్రకటన, ఒక్క విచారణ. వాటి తరవాత తేలిన మొత్తం ముందుకన్నా 750 కోట్లకు పైగా తక్కువ. "మా మాట వింటే ఏం ఒరుగుతుంది" అనేవాళ్ళకి ఇదే జవాబు.

ఇందులో ఇంకో అన్యాయం ఉంది. 2014లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి 2023లో పెళ్ళయి కొత్త కాపురం పెట్టిందనుకోండి. తనకి సంబంధమే లేని ఐదేళ్ళ తేడా ఆమె కొత్త బిల్లులో కూర్చుంటుంది. అమ్మమ్మ తిన్న బియ్యానికి మనవరాలు అప్పు తీర్చినట్టు!

2022 డిసెంబరు ఆఖరున కేంద్రం నిబంధనలు మార్చి, ఇంధన తేడాను నెలనెలా దానంతటదే వసూలు చేసుకునే దారి తెరిచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ నుంచి యూనిట్టుకి 40 పైసల దాకా ముందస్తు విచారణ లేకుండానే వేసుకునే వీలు వచ్చింది. ఆ 40 పైసలకు మించిన తేడాను ఏడాది చివర లెక్కకడతారు. 2022-23కి 6,072 కోట్లు, 2023-24కి 9,412 కోట్లు వసూలు చేసుకోవచ్చని 2024 చివర్లో కమిషన్ చెప్పింది. 2022-23కి డిస్కంలు అడిగింది 8,114 కోట్లని గుర్తుంచుకోండి. అడిగినదాంట్లో సుమారు రెండు వేల కోట్లు కోత పడింది. 2025లో మాత్రం కాలం కాస్త తిరిగింది. 2024-25లో ఎక్కువ వసూలు చేశారని తేల్చి, సుమారు 923 కోట్లు వెనక్కి ఇవ్వమని, నవంబరు నుంచి యూనిట్టుకి 13 పైసల చొప్పున తగ్గించమని కమిషన్ ఆదేశించింది. లెక్క అడిగేవాళ్ళుంటే డబ్బు వెనక్కి కూడా వస్తుందన్నమాట.

సరే, ఈ 40 పైసలు ఎవరికెంత బరువు? నెలకి 30 యూనిట్లు వాడే ఇంటికి కరెంటు ఖరీదు 57 రూపాయలైతే, దానిమీద ఈ సర్దుబాటు 12 రూపాయలు. అంటే నూటికి 21. అయిదువందల యూనిట్లు వాడే ఇంటికి ఖరీదు 3,523 రూపాయలు, సర్దుబాటు 200. అంటే నూటికి ఆరు కూడా లేదు. మెట్లు కట్టి ముందు తలుపు దగ్గర పేదింటికిచ్చిన రక్షణని, దొడ్డిగుమ్మం దగ్గర ఇలా తిరిగి తీసుకుంటున్నారు. సర్దుబాటుకి కూడా మెట్లు ఎందుకు పెట్టకూడదు? ఈ ప్రశ్న విచారణలో గట్టిగా అడగాల్సింది మనమే.

డిస్కంల మాట కూడా విందాం

న్యాయం చెప్పాలంటే రెండోవైపు కూడా వినాలి. డిస్కం ఖర్చులో సింహభాగం కరెంటు కొనడానికే పోతుంది. 2022లో బొగ్గు కొరత వచ్చి, దిగుమతి బొగ్గు పదిశాతం కలపమని కేంద్రమే చెప్పింది. ఎక్స్ఛేంజీలో కరెంటు ధర ఆకాశానికెక్కితే, కేంద్ర నియంత్రణ మండలి ఆ ఏప్రిల్‌లో యూనిట్టుకి 12 రూపాయలు మించరాదని కట్టడి చెయ్యాల్సివచ్చింది. పన్నెండుకి కొని మూడుకి అమ్మితే ఏ కొట్టయినా మూతపడుతుంది. మన గోదావరి గ్యాసు సంగతీ అంతే. కేజీ-డీ6 గ్యాసుని నమ్ముకుని కట్టిన విద్యుత్ కేంద్రాలకు 2013 నాటికి ఆ గ్యాసు రావడం ఆగిపోయింది. వందల కోట్ల యంత్రాలు ఖాళీగా నిలబడ్డాయి. ఇలాంటి దెబ్బలన్నీ చివరికి కరెంటు ఖర్చుమీదే పడతాయి.

కాబట్టి రేటు ఎన్నటికీ పెంచకూడదని నేననను. పప్పు ధర పెరగగా లేనిది కరెంటు ధర పెరగదా! నేననేది ఒక్కటే. ఖర్చులో ఎంత నిజం, ఎంత చేతగానితనం, ఎంత దుబారా అన్నది ముందు తేలాలి. ఆ తరవాతే బిల్లు రావాలి. బిల్లు ముందొచ్చి, లెక్క రెండేళ్ళకి తేలే పద్ధతి తలకిందుల పద్ధతి.

గ్యాసుకి ఆపాటి విచారణ కూడా లేదు

కరెంటుకి కనీసం అడిగే చోటుంది. వంటగ్యాసుకి అదీ లేదు. 2024 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, సిలిండరు మీద వంద రూపాయలు తగ్గించినట్టు ప్రధాని ప్రకటించారు. మంచిదే, సంతోషించాం. 2025 ఏప్రిల్‌లో యాభై పెంచారు. తగ్గించినప్పుడూ మనల్ని అడగలేదు, పెంచినప్పుడూ అడగలేదు. ఎందుకు తగ్గిందో, ఎందుకు పెరిగిందో పద్దులవారీగా మన ముందు పెట్టి విచారణ జరిపే కమిషన్ సిలిండరుకి లేదు.

హైదరాబాదు, విజయవాడల్లాంటి చోట్ల పైపు గ్యాసు వచ్చింది. దీనికి 2006 చట్టంతో పెట్టిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు ఉంది కదా అంటారు. ఉంది. ఏ ఊళ్ళో ఏ కంపెనీ పైపులు వెయ్యాలో, పెద్ద పైపులైన్లలో గ్యాసు రవాణాకి ఎంత తీసుకోవాలో ఆ బోర్డు చెబుతుంది. మన పొయ్యి దగ్గరికొచ్చే గ్యాసు రేటుని మాత్రం కంపెనీయే వేసుకుంటుంది. బావి దగ్గర ధర కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంది. 2023 ఏప్రిల్ నుంచి, ప్రభుత్వ కంపెనీల పాత బావుల గ్యాసుకి ముడిచమురు ధరలో పదోవంతు అని సూత్రం పెట్టారు. దానికి పది లక్షల బీటీయూలకు నాలుగు డాలర్లు కనిష్ఠం, ఆరున్నర డాలర్లు గరిష్ఠం. 2025 ఏప్రిల్‌లో ఆ గరిష్ఠం 6.75 డాలర్లయింది. ఎక్కడో డాలర్లలో జరిగిన నిర్ణయం మన పప్పు ఉడికే మంట మీదికొస్తోంది. కరెంటులాగే పైపు గ్యాసుకీ మీటరుంది, నెలవారీ బిల్లుంది, వేరే కంపెనీకి మారే వీలు లేదు. అలాంటప్పుడు దాని రేటుకీ బహిరంగ విచారణ ఉండొద్దా?

విచారణలో మనమెక్కడ?

ఆమధ్య ఒక విద్యుత్ విచారణకి వెళ్ళి కూర్చున్నాను. పరిశ్రమల సంఘాలవాళ్ళు కట్టలకొద్దీ కాగితాలు తెచ్చారు. రైతు సంఘాల నాయకులు వ్యవసాయ కనెక్షన్ల గురించి గట్టిగా వాదించారు. వామపక్షాలవాళ్ళు, రిటైరైన ఇంజినీర్లు అంకెలతో సహా నిలదీశారు. వాళ్ళ ఓపికకి చేతులెత్తి మొక్కాలి. కానీ లేచి మాట్లాడినవాళ్ళలో ఆడవాళ్ళని వెతుక్కోవాల్సొచ్చింది. అందుకే కాబోలు, కొన్ని ప్రశ్నలు ఆ హాల్లో పుట్టనే లేదు.

తెల్లవారుజామున నీళ్ళొచ్చే వేళకే కరెంటు పోతే మోటారు ఎలా వెయ్యాలి? లో వోల్టేజీకి మిక్సీ కాలిపోతే ఆ ఖర్చు ఎవరి పద్దు? ఇంట్లో ఒక మూల కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టుకుంటే అది ఇంటి వాడకమా, వ్యాపారమా? అద్దెకున్నవాళ్ళ దగ్గర ఇంటివాళ్ళు యూనిట్టుకి తమకి తోచిన రేటు తీసుకుంటుంటే, పేదలకని పెట్టిన మొదటి మెట్టు రేటు ఆ పేదలకి చేరేదెలా? ఇవి చిన్న ప్రశ్నలు కావు. ఇళ్ళలో కరెంటుతో రోజంతా పనిచేసే వాళ్ళకే తెలిసే ప్రశ్నలు.

అడిగితే ఫలితం ఉంటుందా? తెలంగాణలో 2024లో డిస్కంలు, 300 యూనిట్లు దాటే ఇళ్ళకు స్థిర ఛార్జీని కిలోవాటుకి పది రూపాయల నుంచి యాభైకి పెంచుతామన్నాయి. అభ్యంతరాలు వచ్చాయి, విచారణ జరిగింది. అక్టోబరులో కమిషన్ కుదరదంది. పది పదిగానే ఉండిపోయింది. అడిగినవాళ్ళెవరో మనకి తెలియదు. లాభం మాత్రం ఇల్లిల్లూ పొందింది.

ఏం చెయ్యొచ్చు?

పెద్ద పనులేం కావు. డిసెంబరు, జనవరి నెలల్లో పేపరు తిరగేసేటప్పుడు డిస్కం బహిరంగ ప్రకటన కోసం చూడండి. అభ్యంతరాలు ఎప్పటిలోగా పంపాలో, విచారణ ఎక్కడో, ఎప్పుడో అందులో ఉంటుంది. అభ్యంతరం రాయడానికి లాయరు అక్కర్లేదు, రుసుము లేదు, సర్వీసు మీ పేరున ఉండాల్సిన పనీ లేదు. తెలుగులో ఒక తెల్లకాగితం మీద మీ ఇంటి లెక్కతో రాస్తే చాలు. డ్వాక్రా సంఘంలోనో, అపార్టుమెంటులోనో పదిమంది కలిసి రాస్తే ఇంకా మంచిది. విచారణలో మాట్లాడాలంటే ఆ కాగితంలోనే ఆ మాట రాయాలి.

బిల్లులో తప్పు కనబడితే ముందు 1912కి ఫోను చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. తేలకపోతే ప్రతి డిస్కంలోనూ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంటుంది. అక్కడా న్యాయం జరక్కపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఇవన్నీ చట్టం ఇచ్చినవే, ఎవరి మెహర్బానీ కాదు. పాత బిల్లులు పారెయ్యకండి. ఏడాది బిల్లులు ఒక క్లిప్పుకి పెట్టి ఉంచితే, రేటు పెరిగిందో, వాడకం పెరిగిందో, సర్దుబాటు దూరిందో అయిదు నిమిషాల్లో తెలుస్తుంది.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కమిషన్ అమ్మ కాదు, అడగకుండా అసలే పెట్టదు. ఈసారి ప్రకటన పడినప్పుడు ఆ పేపరు ముక్క అల్మరా అరల్లో పరిచేముందు ఒక్కసారి చదవండి. మీ అభ్యంతరం ఒక పేజీ చాలు.